కొసరు రాళ్ళు

నూరుబారల బాయి, డ్రమ్ముగది పుస్తకం. రాసేది బ్రేకు కాపరి గట్టయ్య.

ఒకటో రోజు

పొద్దున పెద్దబండ ఎత్తు తొంభై ఆరు బారలు. సాయంత్రం పదకొండు బారలు. గాలి మామూలు. బ్రేకు మామూలు.

రాయవలసింది ఇంతే. కానీ ఈ రోజు ఇంతతో ఆపితే నా గుండె పగిలిపోతుంది. నాకు ఆడపిల్ల పుట్టింది! అరవై ఒకటో ఏట నేను తండ్రినయ్యాను! పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. మొక్కని రాయి లేదు, మింగని వేరు లేదు. ఇక చాలు అని మేమిద్దరం ఆ మాటే ఎత్తడం మానుకున్న తరువాత, నా భూలక్ష్మి నలభై ఆరో ఏట కన్నది. ఇంతకుముందు ఈ పుస్తకంలో మనుషులు బాయిలోకి దిగిన నాటినుంచి రోజులు లెక్కవేసి రాసేవాణ్ణి. ఇవాళ్టినుంచి నా బిడ్డ లెక్క. సర్దార్ తిడితే తిట్టనీ.

ఎలా జరిగిందో రాస్తాను. తొమ్మిది గంటలకు ఎండ ముదిరింది. ఇనుప తలుపు మూసి, సందుల్లో తడిగోనెలు కుక్కాను. ఇక సాయంత్రం దాకా భూమి మీద కాలు పెట్టడానికి లేదు. తెల్లవారుజామునుంచి గాలిమర పైకి ఎత్తిన బండను మెల్లగా వదలడం మొదలుపెట్టాను. బండ దిగుతుంటే డ్రమ్ము తిరుగుతుంది. డ్రమ్ము తిరిగితే కింద గ్యాలరీల్లో పంకాలు తిరుగుతాయి, పంపు నీళ్ళు తోడుతుంది, రెండు వందల పద్నాలుగు మంది ఊపిరి పీలుస్తారు. డ్రమ్ముకు చుట్టిన రెండో మోకు కొసన, బొగ్గు తవ్విన కాలం నాటి బోను ఖాళీగా పైకి వస్తుంది. దాని మీద 'మనుషులు ఎక్కరాదు' అని రాసి ఉంటుంది.

బండ కదులుతున్నంతసేపూ బ్రేకు పిడి వదలకూడదు. నా భార్య నూరు బారల కింద, బాయి అడుగున, బాలింతలుండే చల్లగదిలో నొప్పులు పడుతోంది. నేను పైన ఈ పిడి పట్టుకుని నిలబడ్డాను. దిగి వెళదామంటే వెయ్యి మెట్లు.

పదకొండున్నరకు గోడలోని మాటల గొట్టం కుయ్యిమంది. సర్దార్ నర్సింగం గొంతు. బాయికి పెద్ద ఆయనే.

"గట్టయ్యా, పిడి గట్టిగ పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

"ఇంకింత గట్టిగ పట్టుకో. ఆడపిల్ల."

ఆయన వెనుకనుంచి ఏడుపు వినిపించింది. నూరు బారల ఇనుప గొట్టం ఎక్కి వచ్చి నా చెవిలో పడింది. నేనూ ఏడ్చాను. గాలిమర చూసుకునే ఓదెలు నా వీపు మీద చరిచి, "అన్నా, నీ బిడ్డ నీకన్న పెద్దగ ఒర్రుతుంది" అన్నాడు.

పిడి మాత్రం వదలలేదు. ఇది పుస్తకంలో ఉండాలి.

మూడో రోజు

పొద్దున తొంభై నాలుగు. సాయంత్రం పది.

తెల్లవారుజామున ఓదెలుకు పిడి అప్పగించి మెట్లన్నీ దిగాను. బిడ్డను చూశాను. ఎడమ చెవి కొస మడతపడి ఉంది, అచ్చం మా అమ్మ చెవి! పిడికిలి విప్పి నా వేలు పెడితే పట్టుకుంది. బ్రేకు కాపరి బిడ్డ కాదూ, పట్టు అలాగే ఉంటుంది. చల్లగదికి ఒక గోడ బాయి గోడే. దానికి చెవి ఆనిస్తే అవతల మోకు మూలుగు వినిపిస్తుంది. బిడ్డకు అదే జోలపాట అంటుంది భూలక్ష్మి.

మా బాయిలో బిడ్డ పుట్టిన మూడో రోజున త్రాసులో ఒక పక్క బిడ్డను, ఇంకో పక్క రాయిని పెట్టి తూస్తారు. సరిగ్గా అంతే బరువున్న రాయి పెద్దబండ మీదికి ఎక్కుతుంది. ఆ రాయి దిగినప్పుడల్లా బిడ్డ తన వంతు గాలీ నీళ్ళూ తనే తెచ్చుకుంటుందని మా నమ్మకం. సర్దార్ త్రాసు పట్టాడు. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. నల్లటి గుండ్రాయి. దాన్ని భుజానికి కట్టుకుని వెయ్యి మెట్లూ ఎక్కి, బండ పైకి రాగానే దాని మీద పెట్టాను.

ఇక్కడినుంచి రాసేది నేను తప్ప ఎవరూ చదవరనుకుని రాస్తున్నాను.

తూకానికి తూకం పెట్టి చేతులు దులుపుకుంటే నేనేం తండ్రిని? పూర్వం కూరగాయలమ్మే అవ్వ కూడా కిలో తూచాక మీదినుంచి ఒక వంకాయ కొసరు వేసేదట, మా నాయన చెప్పేవాడు. ఇరవై నాలుగేళ్ళకు పుట్టిన బిడ్డకు కొసరు లేకపోతే ఎలా? ఓదెలు గాలిమర పళ్ళచక్రానికి నూనె వేయడానికి పోయిన సమయం చూసి, డ్రమ్ముగది వెనుకే ఉన్న మా ఇంటి రోలును పక్కకు పడేసి దొర్లించుకుంటూ తెచ్చాను. భూలక్ష్మికి వాళ్ళమ్మ ఇచ్చిన రోలు. డెబ్భై కిలోలు తక్కువ ఉండదు. నడుము పట్టేసింది. రెండు పలకల మీదుగా బండ మీదికి నెట్టి, వెనుక వరసలో దాచాను. అక్కడ రాళ్ళు చాలానే ఉన్నాయి. కొన్ని పెద్దవే. మసక చీకట్లో నేను పట్టించుకోలేదు.

తప్పే. కానీ సంతోషంగా ఉంది.

ఆరో రోజు

పొద్దున ఎనభై ఎనిమిది. సాయంత్రం తొమ్మిది.

బ్రేకునుంచి వాసన వస్తోంది. బొగ్గుల కుంపటి దగ్గర చెక్క గరిటె మరచిపోతే వచ్చే వాసన. డ్రమ్మును రెండు వైపులనుంచి నొక్కే తుమ్మ చెక్కలు రెండున్నాయి. అవి వేడెక్కడం కొత్త కాదు. వాసన కొత్త.

ఓదెలు గాలిని తిట్టుకుంటున్నాడు. "గాలి పల్చబడ్డది అన్నా. రెక్కలు తిరుగుడు తిరుగుతనే ఉన్నయి, బండ మాత్రం లేస్తలేదు. మునుపు నాలుగు గంటలల్ల నూరు బారలు ఎక్కేది, ఇప్పుడు ఐదు దాటినా ఎక్కుతలేదు."

గొట్టంలో సర్దార్‌కు చెప్పాను. ఆయన వెంటనే పొదుపు పెట్టించాడు. బాయిలోని మూడు పిండిమరల్లో రెండు బంద్. రెండో పంపు బంద్. పంకాలు వరస మార్చి వరస. "ఎత్తే మన ఆస్తి. ఎత్తు తగ్గుతుంటే ఖర్చు తగ్గించుకోవాలె" అన్నాడు. మంచి మాటే కదా.

మధ్యాహ్నం బండ దిగుతుంటే పిడి నా చేతిలో అదిరింది. మరలన్నీ ఆగి ఉన్నాయి గనుక ఈ రోజు పని తేలిక కావాలి. కానీ రెండు చేతులా వేలాడవలసి వచ్చింది. ముప్పై ఏళ్ళలో ఇలా ఎన్నడూ లేదు. వయసు మీద పడింది అనుకున్నాను.

ఎనిమిదో రోజు

పొద్దున ఎనభై తొమ్మిది. సాయంత్రం పది.

వయసు కాదు. రాత్రి బండ అడుగుకు దిగాక చెక్కల మందం వేళ్ళతో కొలిచాను. నాలుగు వేళ్ళుండాలి. రెండు వేళ్ళే ఉన్నాయి. ఎడమ చెక్క లోపలి ముఖం మసిబారి, సన్నటి పగులు కూడా ఉంది. కొత్త చెక్కలకు తుమ్మ మొద్దు చెక్కించాలి, నాలుగు రోజుల పని. బండ అడుగున ఆనుకుని ఉన్నప్పుడే మార్చగలం. సర్దార్ సరేనన్నాడు.

మధ్యాహ్నం ఓదెలుకు పిడి ఇచ్చి అన్నం తింటుంటే తారమ్మ టీచర్ వచ్చింది. పిల్లలకు చదువు చెప్పే గది మా డ్రమ్ముగదికి ఆనుకునే ఉంటుంది. "బాపూ, మా గోడ కాలుతుంది. పిల్లలు వీపులు ఆనిస్తలేరు. ఏమైతుంది ఈడ?" అంది.

చెప్పాను. పొదుపు సంగతి కూడా చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది.

"బాపూ, గాలి ఈ బండను ఎత్తింది. అది గాలి చేసిన పని. ఆ పని ఎటు పోయింది?"

"ఎటు పోతది? బండలనే ఉన్నది."

"మరి బండ దిగేటప్పుడు అదంత బయటికి రావాలె గద. ఎంత బరువు, ఎంత ఎత్తు, అంత పని. రవ్వంత కూడ మాయం కాదు. పంకా తినేది పంకా తింటది, పంపు తాగేది పంపు తాగుతది. మనం వాటి నోరు కట్టేసినం. ఇగ మిగిలింది ఏడికి పోవాలె?"

ఆమె నా చెయ్యి పట్టుకుని బ్రేకు దగ్గరికి తీసుకుపోయింది. జానెడు దూరంలోనే వేడి కొట్టింది.   బండను మెల్లగా దింపేది నా కండ బలమని ముప్పై ఏళ్ళూ అనుకున్నాను. కిందికి పోయే ఎత్తంతా ఈ రెండు చెక్కల్లోంచి నిప్పై పోతోంది.

"బండ బరువెంత?" అంది.

"గోడ మీద రాసి ఉన్నది గదమ్మా. నలభై టన్నులు."

"అది ముప్పై ఏండ్ల కిందటి మాట. మీ పుస్తకంల చూపియ్యి."

చూపించాను. ముప్పై ఏళ్ళూ నేను ఎత్తే రాశాను. మారనిది ఎందుకు రాస్తారు? ఆమె చాలాసేపు వేళ్ళు మడిచి లెక్క వేసింది. గాలి అంతే ఉండి, ఎక్కడానికి పట్టే కాలం నాలుగు గంటలనుంచి ఐదు దాటితే, బండ పావువంతుకు పైగా బరువెక్కినట్టే అంది. పావువంతు అంటే పది టన్నులు.

నాకు రోలు గుర్తొచ్చింది. కానీ డెబ్భై కిలోలెక్కడ, పది టన్నులెక్కడ? నా రోలు తప్పు కాదులే అని ఊపిరి పీల్చుకున్నాను. మరైతే ఎవరి తప్పు అన్న భయం వెంటనే పట్టుకుంది. నోరు మాత్రం విప్పలేదు.

పదో రోజు

పొద్దున తొమ్మిది గంటలు. ఎత్తు నూరు బారలు. ఒక చేత్తో పిడి పట్టుకుని రాస్తున్నాను, రాత బాగుండదు.

తెల్లవారుజామున ఈదురుగాలి కొట్టింది. గాలిమర పిచ్చిపట్టినట్టు తిరిగి బండను కొసదాకా ఎత్తేసింది. ఎనిమిదింటికి గాలి చటుక్కున పడిపోయింది. బ్రేకు నొక్కాను. ఎడమ చెక్క ఫటేలుమని రెండుగా విరిగింది.

ఒక్క చెక్క మీద ఉన్నాం. అది రెండు వేళ్ళ మందం కూడా లేదు. పొగ వస్తోంది. ఓదెలు తడిగోనెలు వేస్తున్నాడు.

తొమ్మిదింబావు. తొంభై తొమ్మిదిన్నర. జారుతోంది.

బాయి అడుగున చల్లగది గోడ అవతలే నా భార్యా బిడ్డా. పెద్దబండ పడితే ఆ గోడ నిలవదు. దూరపు గ్యాలరీల వాళ్ళు బతికినా గాలి దారి మూసుకుపోతుంది. మెట్లు కూడా ఈ బాయిలోనే, బండ కిందే. ఎక్కి రావడానికి ఇంకో దారి లేదు.

తొమ్మిదిన్నర. తొంభై తొమ్మిది.

సర్దార్ బండ బరువెంతో ఖచ్చితంగా చెప్పమంటున్నాడు. చెప్పాలి. ఇప్పుడు చెప్పాలి.

పదకొండో రోజు

చేతులు కాలాయి. నేను చెబుతుంటే తారమ్మ టీచర్ రాస్తోంది. నా మాటలు సరిదిద్దనని ఒట్టు వేయించుకున్నాను.

నిన్న తొమ్మిదిన్నరకు నేను గొట్టం దగ్గర నోరు పెట్టి, "సర్దార్, అందరూ వినేటట్టు మూత పూర్తిగ తియ్యుండ్రి" అన్నాను. మూడో రోజున నేను రాసుకున్నది చదివాను. కొసరు, రోలు, డెబ్భై కిలోలు, అంతా. చదువుతుంటే సిగ్గుతో నా చెవులు మండాయి.

కింద ఎవరో కిసుక్కున నవ్వారు. తరువాత ఒక మగ గొంతు, "నాది... మా పెద్దోనికి ఒక విసుర్రాయి ఏసిన" అంది. "మాకు కవలలు. రెండు రైలు పట్టా ముక్కలు, బోనుల దాచి పైకి పంపిన." "నేను ఇనుప దూలం." "మా నాయన నా పేరు మీద పాత పంపు మొత్తం పెట్టిండని మా అవ్వ చెప్పేది." ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. ముప్పై ఏళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డకూ తండ్రి కొసరు వేశాడు. ప్రతివాడూ తానొక్కడే వేశాననుకున్నాడు.

పొగ చూసి పక్కగదినుంచి వచ్చిన టీచర్ గోడ మీద సుద్దతో రాస్తూనే ఉంది. చివరికి గొట్టంలో సర్దార్ గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా త్రాసు పట్టిన చెయ్యి ఆయనది.

"నాయి మూడు రాళ్ళు" అన్నాడు. "ఒక్కొక్కటి ఇద్దరం మోసినం."

టీచర్ కూడింది. పదమూడు టన్నులు. నలభై మీద పదమూడు కొసరు.

"ఇప్పుడేం జెయ్యాలె?" సర్దార్ అడిగాడు.

"ఖర్చు పెట్టాలె" అంది టీచర్. "అన్ని మరలు, అన్ని పంపులు, అన్ని పంకాలు ఒక్కసారే తిప్పుండ్రి. బండ దిగే పనంత అవి తినాలె. చెక్కకు మిగలొద్దు."

"పిచ్చి లేసిందా పంతులమ్మా? ఒక్క పూటల నెల నీళ్ళు తోడుతమా?"

"నీళ్ళు పై తొట్టికి తోడుండ్రి. బండ దిగుతది, నీళ్ళు ఎక్కుతయి. ఆ ఎత్తు ఏడికీ పోదు సర్దార్, నీళ్ళల్ల ఉంటది."

ఆయన నోట ఏళ్ళ తరబడి 'తగ్గించు' తప్ప వేరే మాట రాలేదు. "తిప్పుండ్రి" అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో గొట్టంలోంచే తెలిసింది.

అయినా సరిపోదంది టీచర్. అడుగున ఉన్న బోనులో బరువు నింపాలి. బండ దిగుతుంటే బోను ఎక్కుతుంది గనుక, బోను ఎంత బరువుంటే బండ అంత మెల్లగా దిగుతుంది. మోకు మూడు టన్నులు మోస్తుంది. కానీ రాళ్ళు ఎక్కడివి? అడుగున వదులు రాయన్నది లేదు. ఉన్నవన్నీ తండ్రులు ముప్పై ఏళ్ళుగా ఏరి పైకి పంపారు. బొగ్గు కొట్టి నింపడానికి ఒక పూట పడుతుంది. చెక్క గంట కూడా ఆగదు. పిలిస్తే నడిచి వచ్చే బరువు మనుషులే.

"బ్రేకు జారితే బోను పైకప్పుకు కొట్టుకుంటది" అన్నాను. "ఎక్కినోళ్ళు బతకరు. ఆ మాట కూడ చెప్పుండ్రి."

సర్దార్ చెప్పాడు. కాసేపటికి అడుగుల చప్పుడు వినిపించింది. ఒకతను, "నా పొట్టకు ఇన్నేండ్లకు కొలువు దొరికింది, జరగుండ్రి" అంటున్నాడు. లెక్కపెడుతున్నారు. ముప్పై, ముప్పై ఐదు. ఇంతలో భూలక్ష్మి గొంతు.

"ఏమయ్యా."

"నువ్వు ఎక్కకు" అన్నాను. "దూరపు గ్యాలరీకి పో. బిడ్డనెత్తుకుని పో."

"పదిదినాల బాలింతను, ఏడికని నడవాలె? ఇను. ఈడ ఉంటే బండ నా మీదికి వస్తది. బోనుల ఉంటే నేను నీ దిక్కు వస్త. నీ దిక్కే వస్త."

"నా చేతులల్ల ఒక్క చెక్కనే ఉన్నదే."

"ఆ చెక్కను నేను నమ్ముతలేను. చేతులను నమ్ముతున్న. పట్టుకో" అని వెళ్ళిపోయింది.

 ఓదెలు నన్ను వెనుకనుంచి పట్టుకుని పిడి దగ్గర నిలబెట్టాడు.

బండను వదిలాను.

మొదటి పది బారలు బాగానే ఉంది. కిందినుంచి మరల హోరు వచ్చింది. ఇంతటి హోరు ఈ బాయిలో ఎన్నడూ వినలేదు. పక్కన తొట్టిలో నీళ్ళు ధారగా పడుతున్నాయి. పిడి నా చేతిలో తేలికైంది. టీచర్ డ్రమ్ము మీది గీతలు చూస్తూ గట్టిగా చెబుతోంది: ఎనభై, డెబ్భై ఐదు, డెబ్భై. సగానికి వచ్చేసరికి, నడి బాయిలో బండా బోనూ ఒకదాన్నొకటి దాటుకుంటాయని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా తెలుసు. నిన్న మాత్రం కళ్ళు మూసుకున్నాను.

నలభై దగ్గర పెద్ద పంపు పట్టీ తెగింది.

చప్పుడు ముందు వచ్చింది, వేగం తరువాత వచ్చింది. పిడి నన్ను నేలమీదినుంచి ఎత్తేసింది. చెక్కనుంచి పొగ కాదు, మంట. తడిగోనెతో పట్టుకుంటే గోనె ఆరిపోయి అంటుకుంది. టీచర్ అంకెలు చెప్పడం మానేసింది. చెప్పే వ్యవధి లేదు.

"ఓదెలూ!" అని అరిచాను. "ఏదన్న తగిలియ్యి! తినేది ఏదన్న తగిలియ్యి దీనికి!"

తగిలించడానికి ఇంకేముంది? అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. ఓదెలు అటూ ఇటూ చూశాడు. తరువాత గాలిమర పళ్ళచక్రం దగ్గరికి పరుగెత్తి, దాని మీటకు తన ఒళ్ళంతా వేలాడదీశాడు. బండను ఎత్తేటప్పుడు తప్ప ఆ మీట ముట్టుకోకూడదు.

"గాలి దగ్గర తీసుకున్నం గద!" అని అరిచాడు. "గాలికే ఇచ్చేద్దం!"

పళ్ళు కిరకిరలాడి కరుచుకున్నాయి. గది మొత్తం వణికింది. గోడలోని సన్నటి కంతలోంచి బయట తెల్లగా కాలుతున్న నేల కనిపిస్తుంది. ఆకు కదలని ఎండ. ఆ ఎండలో, గాలి లేని ఆకాశం కింద, మా గాలిమర రెక్కలు వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి. తిరిగి తిరిగి, దుమ్ము రేపి, ఆ చచ్చిన గాలినంతా చిలికాయి. డ్రమ్ము మెల్లబడింది. నా కాళ్ళు మళ్ళీ నేలకు ఆనాయి.

"ఇరవై" అంది టీచర్. ఆమె ఏడుస్తోంది. "పదిహేను. బాపూ, పన్నెండు."

ఆఖరి రెండు బారలు ఆ చెక్క ముక్కతోనే ఆపాను. అది బూడిదై నా కాళ్ళ మీద రాలింది. కింద బండ అడుగుకు ఆనింది. పైన, మా గది నేలకు సరిగ్గా రెండడుగుల కింద, బోను ఆగింది.

ముప్పై ఎనిమిది మంది ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు.  అందరి మధ్యనుంచి భూలక్ష్మి లేచింది. కొంగులో బిడ్డ నిద్రపోతోంది! ఆ హోరులో నిద్రపోయింది! భూలక్ష్మి నా చేతులు చూసింది, ముఖం చూసింది.   తరువాత అంది:

"నడిమిట్ల బండ మా పక్కనుంచి పోతుంటే చూసిన. నా రోలు దాని మీద ఎందుకున్నది?"

ముప్పై ఎనిమిది మందీ నవ్వారు. కొందరు నవ్వుతూ ఏడ్చారు. నేను కాలిన చేతులతో బిడ్డను ఎత్తుకోలేక, నేలమీద కూర్చుని ఆమె పాదం మీద నా నుదురు ఆనించాను. బిడ్డ పాదం మీద. భూలక్ష్మి పాదం మీద కూడా.

ఇరవై ఒకటో రోజు

ఎత్తు పొద్దున నూరు బారలు. బరువు నలభై టన్నులు, దాని మీద పిల్లల తూకపు రాళ్ళు ఆరు వందల పన్నెండు కిలోలు. ఎక్కడానికి పట్టిన కాలం నాలుగు గంటల పది నిమిషాలు.

బరువు గడి నేనే గీశాను. ఇకనుంచి ప్రతిరోజూ రెండూ రాయాలి, మారినా మారకపోయినా. కొత్త చెక్కలు నాలుగు వేళ్ళ మందం. రోజుకు మూడుసార్లు కొలుస్తున్నాను. కొలిచాక నమ్మకం చాలక ఓదెలు చేత మళ్ళీ కొలిపిస్తున్నాను. "అన్నా, చెక్క కాదు, నా వేళ్ళు అరుగుతున్నయి" అంటున్నాడు.

కొసరు రాళ్ళు దింపడానికి ఐదు రోజులు పట్టింది. తండ్రులు వచ్చి ఎవరివి వాళ్ళు గుర్తుపట్టారు. సర్దార్ తన మూడింటినీ చూసి, "గింత పెద్దయి ఎట్ల మోసినమో" అని తన మీద తనే ఆశ్చర్యపోయాడు. చనిపోయిన తండ్రుల రాళ్ళను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. డ్రమ్ముగది గోడ పొడుగునా వరసగా పేర్చాం. ఇప్పుడు మెట్లు ఎక్కి వచ్చినవాళ్ళు వాటి మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నారు.

భయం పోలేదు. రాస్తున్నాను కదా, అబద్ధం రాయను. మోకు మూలిగితే లేచి నిలబడతాను. గిన్నె కింద పడినా చెయ్యి పిడి వైపు పోతుంది. బిడ్డ మూడు కిలోల నూట యాభై అయింది. ఆ మూడు వందల యాభై గ్రాములు ఎక్కడినుంచి వచ్చాయని టీచర్‌ను అడిగితే, "భూలక్ష్మక్కను అడుగు బాపూ, ఆమెనే సన్నబడ్డది" అంది. ఆ మాట విన్నప్పటినుంచి నా ముద్దలో సగం భూలక్ష్మి పళ్ళెంలో వేస్తున్నాను.

రోలు ఇంటికి చేరింది. బాలింత పథ్యం ఇవాళ్టితో తీరింది గనుక భూలక్ష్మి కారం దంచింది. వద్దంటే వినదు. రోకలి లేస్తుంది, పడుతుంది. లేస్తుంది, పడుతుంది. ప్రతి దెబ్బకూ నా గుండె ఝల్లుమంది. ఐదు దెబ్బలయ్యాక లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అరవై దాటాక దగ్గరికి వెళ్ళి, రోట్లోని మిరప్పొడి మీద చెయ్యి పెట్టి చూశాను.

గోరువెచ్చగా ఉంది.

చెయ్యి చటుక్కున వెనక్కి గుంజుకున్నాను. భూలక్ష్మి రోకలి ఆపి నా వైపు చూసింది. "నేను దంచిన పనే, భయపడకు" అని, బిడ్డను నా ఒళ్ళో పెట్టి, మళ్ళీ రోకలి ఎత్తింది.